కాల్చేముందు గోరంత ముక్క: తెలుగు రాష్ట్రాల అటవీశాఖ మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అటవీ, పర్యావరణ శాఖ మంత్రులకు,



ఒక అడవి జంతువు చచ్చిపడి ఉందని కబురు వచ్చాక మీ సిబ్బంది ఏం చేస్తారో మీకు నేను చెప్పనక్కర్లేదు. పంచనామా రాస్తారు, పశువైద్యుణ్ణి పిలిపించి పోస్టుమార్టం చేయిస్తారు. విషప్రయోగం అనుమానం ఉంటే పొట్టలోని భాగాలు పరీక్షకు పంపుతారు. పులో చిరుతో అయితే అధికారుల ఎదుట చితి పేర్చి గోళ్లు, కోరలు, చర్మంతో సహా బూడిద చేస్తారు. ఆ బూడిద చేయడంలో తప్పేమీ లేదు. గోరు, మీసం కూడా దొంగ బజారుకు చేరకూడదన్నదే దాని ఉద్దేశం. ఈ లేఖలో నేను అడుగుతున్నది ఆ చితికి ముందు జరగాల్సిన ఒక చిన్న పని గురించి. గోరంత కండ, వీలైతే కాలేయం ముక్క ఒకటి తీసి, స్పిరిట్ సీసాలో వేసి, ఎక్కడ ఎప్పుడు దొరికిందో లేబుల్ రాసి, మ్యూజియం పరిశోధన భాండాగారంలో శాశ్వతంగా దాచాలి. కేసు ఉన్నా లేకపోయినా దాచాలి. పులి, చిరుతలకే కాదు, ముంగిసకూ, ఉడుముకూ, నక్కకూ, గబ్బిలానికీ అదే పద్ధతి పాటించాలి. రెండు రాష్ట్రాలూ ఒకే మాట మీద అలాంటి ఉత్తర్వు ఇవ్వాలని నా విన్నపం.

మ్యూజియం అనగానే గాజు పెట్టెలో నిలబెట్టిన బొమ్మ పులి గుర్తొస్తుంది. సందర్శకులకు కనిపించేది మ్యూజియంలో చాలా చిన్న భాగం. వెనక గదుల్లో, తాళాలు వేసిన సొరుగుల్లో, వరసలు తీరిన సీసాల్లో, ఈమధ్య ఫ్రీజర్లలో ఉన్నదే అసలు మ్యూజియం. 1916లో ఏర్పడిన జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కోల్‌కతాలోనూ, హైదరాబాద్‌లోని మంచినీటి జీవశాస్త్ర కేంద్రం వంటి ప్రాంతీయ కేంద్రాల్లోనూ కాపాడుతున్నది అలాంటి సంపదనే. దాని విలువ దాచిన రోజున ఎవరికీ తెలియదు. ఆ సంగతి చెప్పడానికి దూరపు ఉదాహరణ అక్కర్లేదు, కడప జిల్లా కలివికోడి చాలు.

జెర్డన్ అనే సైనిక వైద్యుడు తూర్పు కనుమల్లో ఈ పక్షిని కనిపెట్టాడు, 1848లో దానికి శాస్త్రీయ నామం వచ్చింది. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర స్థానిక వేటగాడి సాయంతో అది బతికే ఉందని తేలింది. అప్పుడు పట్టుబడ్డ పక్షి కొద్ది రోజుల్లోనే చనిపోయింది, దాని చర్మం ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ భాండాగారానికి చేరింది. లంకమల అభయారణ్యం ఈ పక్షి కోసమే వెలిసింది. ఇంత పేరున్న పక్షి గుడ్డు ఎలా ఉంటుందో మాత్రం చాలాకాలం ఎవరికీ రూఢిగా తెలియలేదు. 2013లో ఆ జవాబు స్కాట్లాండ్ నుంచి వచ్చింది. అబర్డీన్ విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర మ్యూజియంలో దశాబ్దాలుగా ఒక గుడ్డు పడి ఉంది. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించినది అది. లోపల ఎండి అతుక్కున్న పొర నుంచి డీఎన్ఏ తీశారు. ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియంలో ఉన్న పాత కలివికోడి చర్మం కాలివేలి మెత్తటి భాగాన్ని కొద్దిగా గీకి దాని డీఎన్ఏ కూడా తీశారు. రెండూ సరిపోలాయి.

ఈ ఒక్క ఉదంతంలో మూడు సంగతులున్నాయి. కలివికోడి ఒకప్పుడు కోలారు వైపు కూడా గుడ్లు పెట్టిందని తెలిసింది కాబట్టి, దాన్ని వెతకాల్సిన నేల మనం అనుకున్నదానికంటే పెద్దది. కడప కొండలకే పరిమితమై వెతికితే చాలదు. రెండో సంగతి, ఆ గుడ్డును దాచినవాళ్లు డీఎన్ఏ కోసం దాచలేదు. డీఎన్ఏ నిర్మాణం తెలిసింది 1953లో, గుడ్డు దొరికింది 1917లో. అడగాల్సిన ప్రశ్న పుట్టకముందే జవాబు సొరుగులో చేరింది. ఇక మూడోది మనకు కాస్త గుచ్చుకునేది. గుడ్డు స్కాట్లాండ్‌లో ఉంది, దాన్ని పోల్చిన చర్మం ఇంగ్లండ్‌లో ఉంది. తెలుగు నేల పక్షి గురించిన ఈ కీలక ప్రశ్నకు జవాబు చెప్పడానికి తెలుగు నేల మీది వస్తువు ఒక్కటీ అవసరపడలేదు. రేపు లంకమల పొదల్లో ఒక ఈక దొరికితే, అది కలివికోడిదో కాదో తేల్చే పని మన దగ్గరే జరగాలంటే, పోల్చుకునేందుకు నమ్మకమైన నమూనాలు మన చేతికందే చోట ఉండాలి.

చచ్చిన శరీరంలో డీఎన్ఏ ఎంతకాలం ఉంటుందన్నది అది ఎలా చచ్చిందన్నదాని కంటే ఎలా దాచామన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ప్రాణం పోయిన కాసేపటికే కణాల్లోని ఎంజైములు డీఎన్ఏను ముక్కలు చేయడం మొదలుపెడతాయి, ఆపైన సూక్ష్మజీవులు తోడవుతాయి. కడప మే నెల ఎండలో ఈ పని గంటల్లో జరిగిపోతుంది. 95 శాతం ఆల్కహాల్ కణాల్లోని నీటిని లాగేసి ఆ ఎంజైములకు పని లేకుండా చేస్తుంది. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ ఇంకా బాగా ఆపుతుంది. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాదాపు అన్ని మార్పులూ ఆగిపోతాయి, సరిగా సిద్ధం చేసిన కణాలైతే కరిగించాక మళ్లీ పెరుగుతాయి కూడా. ఇందుకు పూర్తిగా వ్యతిరేకం ఫార్మలిన్. శరీరం ఆకారాన్ని అది చక్కగా నిలబెడుతుంది, కానీ డీఎన్ఏను ప్రొటీన్లతో ముడివేసి, తునకలు చేసి పెడుతుంది. గత శతాబ్దంలో ప్రపంచమంతటా కప్పలు, పాములు, చేపలు ఫార్మలిన్‌లోనే పడ్డాయి. అప్పట్లో అదే మేలైన పద్ధతి కనుక వాళ్లను తప్పుపట్టలేం. ఈరోజు కూడా పోస్టుమార్టం ముక్కల్ని ఫార్మలిన్‌లో మాత్రమే వేసి ఊరుకుంటే మాత్రం తప్పు మనదే.

ఎండిన చర్మాలు ఇంకా ఏం చెప్పగలవో మొదట చూపింది క్వాగా. ఒకప్పుడు దక్షిణాఫ్రికాలో ఉండిన ఈ చారల జంతువుల్లో చివరిది 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో చచ్చింది. 1984లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు జర్మనీ మ్యూజియంలోని దాదాపు 140 ఏళ్ల నాటి క్వాగా చర్మానికి అంటుకున్న ఎండు కండ నుంచి డీఎన్ఏ తీసి, 229 అక్షరాల వరుస చదివారు. అంతరించిన జీవి డీఎన్ఏను చదవడం అదే మొదలు. అది గుర్రం వైపా, జీబ్రా వైపా అన్న పాత తగువు జీబ్రా వైపు తేలింది. మన దగ్గరా ఈ పని జరిగింది. భారతదేశంలో చివరి చీతాలను 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో కాల్చి చంపారు. కోల్‌కతాలోని జూలాజికల్ సర్వే భాండాగారంలో మిగిలిన ఒక పాత చీతా చర్మాన్నీ, మైసూరు మ్యూజియంలోని ఎముకనూ ఆధారంగా తీసుకుని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సహచరులతో కలిసి 2020లో ఆసియా, ఆఫ్రికా చీతాల బంధుత్వాన్ని లెక్కగట్టారు. రెండేళ్లకే నమీబియా చీతాలు కూనోకు వచ్చాయి. ఆ నిర్ణయం మంచిదా కాదా అన్న వాదనలోకి నేను దిగను. అయితే వాదించే రెండు పక్షాలకూ చేతిలో ఆధారమంటూ ఉందంటే అది ఎప్పుడో ఎవరో పారేయకుండా ఉంచిన చర్మం వల్లే.

ఇదంతా అంతరించిన జీవుల ముచ్చట అనుకుంటే పొరపాటు. బతికున్న మనుషుల ప్రాణాలకు సంబంధించిన ఉదాహరణ ఒకటి ఉంది. 1993 వసంతంలో అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక చనిపోవడం మొదలైంది. కారణం ఒక హాంటావైరస్ అనీ, దాన్ని మోసేది డీర్‌మౌస్ అనే అడవి ఎలుక అనీ త్వరగానే తేలింది. అది కొత్తగా పుట్టిన వైరసా, ఎవరైనా తయారుచేసిందా అన్న భయం మాత్రం జనాన్ని వదల్లేదు. న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలోని నైరుతి జీవశాస్త్ర మ్యూజియం అంతకు ముందు ఏళ్ల నుంచే ఎలుకల కణజాలాన్ని ఫ్రీజర్లలో దాస్తూ వచ్చింది. వైరస్ కోసం కాదు, ఎలుకల వర్గీకరణ కోసం. ఆ పాత ముక్కల్లో వైరస్ కనిపించింది. అంటే అది ఎప్పటినుంచో అక్కడే ఉంది. ఎల్‌నినో వానలకు గింజలు విరగకాసి ఎలుకలు ఒక్కసారిగా పెరిగాయి, ఇళ్లలోకి వచ్చాయి. ఈ వివరణ తెలిశాక వానలను బట్టి ముందస్తు హెచ్చరిక ఇవ్వడం సాధ్యమైంది. ఫ్రీజర్ ఖర్చు దండగ అని 1992లో ఎవరైనా ఆడిట్ అభ్యంతరం రాసి ఉంటే, కాగితం మీద వాళ్లదే పైచేయి అయ్యేది.

బ్రిటన్‌లో డేగల సంఖ్య ఎందుకు కూలిందో తెలిసింది కూడా గుడ్ల సేకరణల వల్లే. డెరెక్ రాట్‌క్లిఫ్ 1967లో పాత గుడ్ల పెంకులనూ కొత్తవాటినీ తూచి, 1947 ప్రాంతం నుంచి పెంకులు పలచబడ్డాయని చూపాడు. డీడీటీ వాడకం విస్తరించింది అప్పుడే. మన రాబందుల సంగతి ఇంతకంటే చేదు. తెల్లవీపు రాబందులు 1992-2007 మధ్య నూటికి 99కి పైగా మాయమయ్యాయి. ఏదో వైరస్ అయి ఉంటుందని ఏళ్ల తరబడి వెతికారు. 2004లో పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందుల మూత్రపిండాలను పరీక్షించినప్పుడు గుట్టు వీడింది. మూత్రపిండాలు చెడి చచ్చిన 25 పక్షుల్లోనూ పశువులకు వాడే డైక్లోఫెనాక్ దొరికింది, వేరే కారణాలతో చచ్చిన 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ దొరకలేదు. రెండేళ్లకు మన దేశంలో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. ఇక్కడ తేడా తేల్చింది రోగంతో చచ్చిన పక్షులు ఒక్కటే కాదు, ఆ రోగం లేకుండా చచ్చిన 13 పక్షులు కూడా. అందుకే అనుమానం ఉన్న చావులకే నమూనా తీస్తే చాలదంటున్నాను. రోడ్డు మీద లారీ గుద్ది చచ్చిన నక్క ఈరోజు ఏ ప్రశ్నకూ జవాబు కాదు. పదేళ్ల తర్వాత నక్కల్లో ఏదో తెగులు పుడితే, పోల్చి చూసేందుకు కావలసింది సరిగ్గా అలాంటి నక్కే.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. వీటిలో కొన్ని బలమైనవే. మొదటిది, సేకరణ పేరుతో జంతువుల్ని చంపుతారన్నది. చరిత్ర చూస్తే ఈ మాటను తోసిపుచ్చలేం. గ్రేట్ ఆక్ అనే ఎగరలేని సముద్రపక్షి చివరి జంటను 1844లో ఐస్‌లాండ్ దగ్గరి ఎల్డే దీవిలో చంపింది సేకరణదారుల డబ్బు కోసమే. ఆ జంట లోపలి అవయవాలు ఇప్పటికీ కోపెన్‌హాగన్‌లో స్పిరిట్‌లో ఉన్నాయి. చర్మాలు ఎటుపోయాయో తెలియలేదు. 2017లో ఆ అవయవాల డీఎన్ఏను వేర్వేరు మ్యూజియాల్లోని చర్మాలతో పోల్చి, మగపక్షి చర్మం బ్రస్సెల్స్‌లో ఉందని తేల్చారు. ఒక జాతిని తుడిచిపెట్టడంలో పాలుపంచుకున్న అలవాటే, తుడిచిపెట్టిన పక్షిని గుర్తుపట్టే ఆధారాన్నీ మిగిల్చింది. దీన్ని సమర్థనగా చెప్పడం లేదు, నేరం నేరమే. కానీ నేను అడుగుతున్న ఉత్తర్వుకు తుపాకీ అవసరం లేదు. విద్యుత్ తీగలకు తగిలి, వాహనాల కింద పడి, వలల్లో చిక్కి, జూలలో ముసలివై చచ్చే జంతువులు మనకు కొదవ లేదు. ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు చచ్చి మన కోస్తా ఒడ్డుకు కొట్టుకొస్తున్నాయి. వాటిని ఇసుకలో పూడ్చిపెడుతున్నారు. ప్రతి తాబేలు నుంచీ చిన్న కండ ముక్క దాచితే, మన ఒడ్డున చచ్చేవి గుడ్లు పెట్టే ఏ తీరానికి చెందినవో, ఏ కాలుష్యాన్ని మోస్తున్నాయో చెప్పే వీలుంటుంది. సాలీడు విషయంలో చావుతో కూడా పని లేదు, ఒక కాలు చాలు. 1899లో గుత్తి రైల్వే కలప అడితిలో దొరికిన ఒకే ఒక్క నమూనాతో పేరుపొందిన నీలి సాలీడు, 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. పెంపుడు సాలీడుగా విదేశాల్లో అమ్ముడుపోతున్న జీవి అది. అమ్మకానికి పెట్టినది ఏ అడవిదో పోల్చి చూడాలన్నా ఆ అడవి నమూనా ఒకటి ఇక్కడ ఉండాలి.

డీఎన్ఏ వరుసను చదివి కంప్యూటర్‌లో పెట్టుకుంటే సరిపోదా, ముక్కను ఎందుకు మోయాలి అని అడిగేవాళ్లు పెరుగుతున్నారు. ఆధునికంగా వినిపించే ఈ మాట అన్నిటికంటే బలహీనమైనది. 1984లో 229 అక్షరాలు చదివాం కదా అని క్వాగా చర్మాన్ని పారేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది. తర్వాతి పరిశోధకులు అవే మ్యూజియం నమూనాల నుంచి అంతకు ఎన్నో రెట్లు చదివారు. ఏ కాలంలోనైనా చదివిన వరుస ఆనాటి యంత్రం చదవగలిగినంతే. కణజాలంలో జంతువు డీఎన్ఏ ఒక్కటే ఉండదు. దాన్ని పట్టిన వైరస్, పరాన్నజీవి, తిన్న తిండి ఆనవాలు, ఒంట్లో చేరిన పాదరసం కూడా అందులో ఉండవచ్చు. పైగా వరుసలో తప్పు దొర్లిందని అనుమానం వస్తే తిరిగి చూసుకునేందుకు వస్తువు కావాలి. మైక్రోస్కోప్ కింద పెట్టడానికి కంప్యూటర్ ఫైలు పనికిరాదు కదా.

ఖర్చు, కరెంటు సంగతి నిజమైన ఇబ్బందే. 2023 డిసెంబరులో స్వీడన్‌లోని ప్రఖ్యాత కరోలిన్స్కా సంస్థలోనే ద్రవ నైట్రోజన్ సరఫరా ఆగి, దశాబ్దాల మానవ కణజాల నమూనాలు పాడయ్యాయి. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం ఫ్రీజర్ అలారం గోల భరించలేక శుభ్రం చేసే మనిషి స్విచ్ కట్టేయడంతో ఇరవై ఏళ్ల పరిశోధన కరిగిపోయిందని కోర్టు దాకా వెళ్లింది. మంటల సంగతి వేరే. 2016లో ఢిల్లీ జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం, 2018లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయాయి. వాళ్లకే కానిది మనవల్ల అవుతుందా అని నిరాశపడనక్కర్లేదు. ఈ ప్రమాదాలు చెప్పేది ఒకే చోట, ఒకే పద్ధతిలో దాచవద్దని. ప్రతి నమూనాకూ ద్రవ నైట్రోజన్ అక్కర్లేదు. అధిక భాగం ఆల్కహాల్‌లో, మామూలు ఫ్రిజ్‌లో లేదా చల్లటి గదిలో బాగానే నిలుస్తుంది. అరుదైన జాతులవి మైనస్ 80కి, వాటిలోనూ బతికున్న కణాలు దొరికినవి నైట్రోజన్‌కు వెళ్తే చాలు. ప్రతి ముక్కనూ రెండుగా చేసి ఒకటి హైదరాబాద్‌లో, ఇంకొకటి తిరుపతిలోనో విశాఖలోనో ఉంచాలి. ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు బ్యాంకు జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి పంటల విత్తన నమూనాలు 1,20,000కు పైగా కాపాడుతోంది. వాటి రెండో ప్రతులు నార్వే మంచులోని స్వాల్‌బార్డ్ ఖజానాకు కూడా వెళ్లాయి. జొన్న గింజకు చేసిన ఏర్పాటు జొన్న చేలో తిరిగే బట్టమేక పిట్టకు ఎందుకు చేయకూడదో నాకు అర్థం కాదు. బట్టమేక పిట్టలకు పేరుపడిన రోళ్లపాడు నంద్యాల జిల్లాలోనే ఉంది.

హైదరాబాద్ అత్తాపూర్‌లో అంతరించే జాతుల పరిరక్షణకు సీసీఎంబీ వారి ప్రయోగశాల లాకోన్స్ ఉంది కదా, అక్కడ 2020లోనే జాతీయ వన్యప్రాణి జన్యు వనరుల బ్యాంకు మొదలైంది కదా అని మీ అధికారులు చెప్పవచ్చు. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ దూరదృష్టితో మొలిచిన ఆ సంస్థ దేశానికే గర్వకారణం, అది మన నగరంలో ఉండడం మన అదృష్టం. అందుకే ఈ ఉత్తర్వుకు కొత్త భవనం అక్కర్లేదంటున్నాను. బ్యాంకుకు నమూనా చేరడం మాత్రం ఒక అధికారి ఆసక్తి మీదో, ఒక శాస్త్రవేత్త ఫోను మీదో ఆధారపడకూడదు. బదిలీ మీద వచ్చే ప్రతి రేంజి అధికారికీ అది రోజువారీ పని కావాలి. ఇంకో సంగతి కూడా ఉంది. బ్యాంకు దాచేది కణాలు, వీర్యం, డీఎన్ఏ. వాటి పక్కన పుర్రె, చర్మం, కనీసం ఫోటో, కొలతలు మ్యూజియంలో ఉంటేనే ఆ డీఎన్ఏ ఫలానా జాతిదే అని రేపు ఎవరైనా రుజువు చేయగలరు. రెండు సంస్థల నంబర్లూ ఒకదానికొకటి జతపడాలి.

మన జీవసంపదను విదేశాలకు దోచిపెట్టడమే అవుతుందన్న భయం కలివికోడి గుడ్డు కథ విన్నవాళ్లకు సహజంగానే వస్తుంది. ఆ భయం నాకూ ఉంది, అందుకే ఇక్కడే దాచమంటున్నాను. 2002 జీవవైవిధ్య చట్టం విదేశీయులకు నమూనాలు ఇవ్వాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి తప్పనిసరి చేసింది. ఆ చట్టం 39వ సెక్షన్ కొత్తగా కనిపెట్టిన జీవుల ఆధార నమూనాలను గుర్తింపు పొందిన భాండాగారాల్లో జమచేయాలంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనూ, యాదృచ్ఛికమే అయినా, 39వ సెక్షనే చచ్చి దొరికిన అడవి జంతువు రాష్ట్ర ప్రభుత్వ ఆస్తి అంటుంది. రెండూ కలిపి చదివితే మీకు ఏ అధికారం లేదో వెతకడం కష్టం. జంతువు మీదే, దాచే చోటు చట్టం గుర్తించినదే. అయితే దాచి తాళం వేసి, మన విశ్వవిద్యాలయాల పరిశోధక విద్యార్థులకే ఏళ్ల తరబడి అనుమతి ఇవ్వకపోతే మాత్రం దోపిడీకి బదులు వృథా అవుతుంది. ఎవరు ఎంత ముక్క వాడుకున్నారో, ఏం తేల్చారో రిజిస్టరులో పడాలి. ముక్క అయిపోయే వస్తువు కనుక ఇవ్వకుండా ఉండే హక్కూ క్యూరేటర్‌కు ఉండాలి.

అంతరించిన జంతువుల్ని మళ్లీ పుట్టిస్తారన్న ఉత్సాహం గురించి ఒక్కమాట. 1988లో అమెరికాలో శాన్‌డియాగో ఫ్రోజెన్ జూలో దాచిన కణాల నుంచి 2020 డిసెంబరులో నల్లపాదాల ఫెర్రెట్ క్లోన్ ఒకటి పుట్టింది. ఈనాటి ఫెర్రెట్లన్నీ ఏడు జంతువుల సంతతే కాబట్టి, ఆ ఏడింటిలో లేని వంశం తిరిగి చేరడం నిజంగా ఉపయోగమే. కానీ 2025లో బూడిదరంగు తోడేలు జన్యువుల్లో కొన్ని మార్పులు చేసి, పదివేల ఏళ్ల కిందటి డైర్‌వుల్ఫ్‌ను పుట్టించామన్న ప్రకటన లాంటివి చూసి ఎవరూ ఈ ఉత్తర్వు ఇవ్వకూడదు. ఫ్రీజర్లో కణం ఉంది కదా అని కాలువ తవ్వకానికి అడవిని వదులుకునే వాదన వస్తే, మొదట వ్యతిరేకించేవాణ్ణి నేనే. హవాయిలో పోఓఉలి అనే పక్షి చివరిది 2004లో పంజరంలో చనిపోయింది, దాని కణాలు శాన్‌డియాగోలో ఉన్నాయి. ఆ కణాలతో పక్షి తిరిగి రాలేదు.

కోర్టు సాక్ష్యానికి అడ్డొస్తుందన్న అనుమానం మీ న్యాయ విభాగానికి వస్తే, అస్సాంను చూడమనండి. 2021 సెప్టెంబరులో బొకాఖాత్‌లో 2,479 ఖడ్గమృగాల కొమ్ములను కాల్చేముందు, వాటిని ఒక్కొక్కటే తనిఖీ చేసి డీఎన్ఏ పరీక్షలకు నమూనాలు తీసి నంబర్లు వేశారు, 94 కొమ్ములను ప్రదర్శన కోసం పక్కన పెట్టారు. కాల్చడం, దాచడం రెండూ కలిసి సాగవచ్చని అంతకంటే రుజువేం కావాలి.

ఉత్తర్వులో ముఖ్యంగా లేబుల్ గురించి గట్టిగా రాయించండి. అడవి పిల్లగుడ్లగూబ అనే పక్షికి 1914 నాటి గుజరాత్ లేబుల్‌తో ఒక చర్మం లండన్ మ్యూజియంలో ఉండేది. రిచర్డ్ మైనర్‌ట్జ్‌హేగన్ అనే సైనికాధికారి దాన్ని పాత సేకరణల నుంచి దొంగిలించి, విప్పి మళ్లీ కుట్టి, అబద్ధపు చీటీ కట్టాడని పమేలా రాస్ముసెన్, నైజెల్ కాలర్ కనిపెట్టారు. ఆ దొంగ చీటీ నమ్మి జనం తప్పుడు చోట్ల వెతికారు. దాన్ని పక్కనపెట్టి నిజమైన పాత చోట్లలో వెతికితే 1997లో మహారాష్ట్రలో పక్షి కనిపించింది. మన దగ్గర అంత కుట్ర అక్కర్లేదు, నిర్లక్ష్యం చాలు. "అటవీ ప్రాంతం" అని రాసి సంతకం పెట్టిన లేబుల్ కూడా అంతే నష్టం చేస్తుంది. అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఆడో మగో, చావుకు తోచిన కారణం, ముక్క తీసిన సమయం, ఏ ద్రవంలో వేశారో అన్నీ ఉండాలి. చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది, అంటించిన కాగితం ఊడిపోతుంది. ముక్క బఠాణీ గింజకంటే పెద్దది కాకూడదు, ద్రవం దానికి ఎన్నో రెట్లుండాలి, మర్నాడు ఒకసారి మార్చాలి. ముక్క తీసే సిబ్బందికి చేతి తొడుగులు, మాస్కులు ఇవ్వాలి. ఆంత్రాక్స్ అనుమానం ఉన్న కళేబరాన్ని అసలు కోయనే కూడదు, ఆ నిర్ణయం పశువైద్యుడిదే కావాలి. అరగంట శిక్షణతో వచ్చే పని ఇది, ఏడాదికి ఒకసారి దూలపల్లి అటవీ అకాడమీ వంటి చోట నేర్పిస్తే చాలు.

ఇక మిగిలింది స్పిరిట్. శుద్ధమైన ఆల్కహాల్ కొనాలన్నా నిల్వ ఉంచాలన్నా ఎక్సైజ్ శాఖ అనుమతి కావాలి. ఒక రేంజి కార్యాలయం అర లీటరు కోసం లైసెన్సు వెంట తిరగాల్సి వస్తే ఉత్తర్వు కాగితం మీదే ఉండిపోతుంది. రంగు కలిపిన మెథిలేటెడ్ స్పిరిట్‌తో కానిచ్చేస్తే అందులో కలిపిన పదార్థాలు నమూనాను చెడగొట్టవచ్చు. కాబట్టి జూలకు, డివిజన్ కార్యాలయాలకు ఏటా కొంత పరిమాణం నేరుగా ఇచ్చేలా మీ సహచర ఎక్సైజ్ మంత్రులతో మాట్లాడండి. అది కుదిరేలోపు చిన్న కార్యాలయాలకు డీఎంఎస్ఓ, ఈడీటీఏ అనే రసాయనాలు కలిపిన చిక్కటి ఉప్పు ద్రావణం ఇవ్వవచ్చు. దానికి లైసెన్సు అక్కర్లేదు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, డీఎన్ఏకు అది బాగా పనిచేస్తుంది. తాబేళ్లు ఒడ్డుకు కొట్టుకొచ్చే కాలం జనవరిలో మొదలవుతుంది. కోస్తా డివిజన్లకు సీసాలు డిసెంబరు లోపు చేరితే ఆ కాలం నుంచే మొదలుపెట్టవచ్చు.

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు